ఇంజనీరు బుద్ధి – ఇంటి పెంపకము

పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన నాడు మన వీథులలో వినవచ్చు ప్రశ్న యొక్కటియే: "అబ్బాయి నెందులో చేర్చుచున్నారు?" లెక్కలలో మంచి మార్కులు వచ్చినచో ప్రత్యుత్తరము సిద్ధముగా నుండును: "ఇంజనీరింగు." మార్కులు తగ్గినచో తల్లిదండ్రుల మొగములు చిన్నబోవును. ఆ పిల్లవా డెన్నడైన నొక మేకును వంకర లేకుండ కొట్టెనా, చెడిన వస్తువును చూచి యేల చెడెనని యోచించెనా, తన చేతితో నొకటి చేసి, అది నిలువక పోగా మరల చేసెనా యని యడుగువారు లేరు. వైద్యుడు కాగోరు వానికి రోగియెడ దయ యుండవలెనని మన మందఱ మెఱుగుదుము. ఇంజనీరు కాగోరు వాని కేమి యుండవలెనో మాత్ర మాలోచింపము. ఈ విషయమున మే మొకమాఱు పొరబడితిమి, ఒకమాఱు నేర్చుకొంటిమి. ఆ రెండును సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము.

మొదట మా పొరబాటు. మా మఱది చిన్ననాటనే తండ్రిని గోల్పోయి మా యింటనే పెరిగెను. లెక్కలలో దిట్ట. ఒక తొట్టిని రెండు గొట్టములు నింపుచుండగా మూడవది ఖాళీ చేయుచున్నచో, తొట్టి యెంతసేపటికి నిండునను లెక్కను కన్ను మూసి తెఱచునంతలో చేసెడివాడు. ఆ కాలముననే మా మేడమీది నీళ్లతొట్టి ప్రతిదినమును పొర్లి, క్రింది గది గోడ నానిపోవుచుండెను. లోపల నీటిపై తేలు బంతిగల వాల్వు చెడి, తొట్టి నిండినను నీరు ఆగకుండుటయే దానికి కారణము. మూడు మాసము లా తడిగోడ ప్రక్కనే కూర్చుండి చదివినను, మేడ యెక్కి యొకసారి చూతమను తలపే అతనికి కలుగలేదు. అది యతని దోషము కాదు. అతని మనస్సంతయు చరిత్రగ్రంథములమీద నుండెను. శాసనములు, రాజుల వంశములు, కోటలు అనిన నన్నపానములు మఱచెడివాడు.

మేము అది చూచియు చూడనట్లే యుంటిమి. అతనిని ఇంజనీరింగు ప్రవేశపరీక్షకు తయారుచేయు వసతి కళాశాలలో చేర్చితిమి. సీటు వచ్చినది. ఊరంతయు మిఠాయి పంచితిమి. రెండవ యేడు ముగియక మునుపే అతడు మనసు విఱిగి యింటికి తిరిగివచ్చెను. అప్పు తెచ్చి కట్టిన రుసుము పోయినది. అంతకంటె నెక్కువగా, తాను దేనికిని పనికిరానివాడనని యతనికి కలిగిన దిగులు మమ్ము బాధించినది. ఆ రాత్రి మా వారు చెప్పిన మాట యిప్పటికిని మా చెవిలో నున్నది: "మనము వాని నడుగలేదు. వాని మార్కుల నడిగితిమి." అటుపిమ్మట నతడు చరిత్ర చదివి యుపాధ్యాయుడై సుఖముగానే యున్నాడు. పోయిన రెండేండ్లు మాత్రము రాలేదు.

ఇంతకు ఇంజనీరు బుద్ధి యన నేమి? శాస్త్రజ్ఞుడు "ఇది యేల యిట్లున్నది?" అని యడుగును. ఇంజనీరు "ఇది యెట్లుండిన మనుష్యునికి పనికివచ్చును? ఉన్న డబ్బుతో, ఉన్న సామగ్రితో, ఉన్న కాలములో దానిని చేయుట యెట్లు?" అని యడుగును. ఇందు మెట్లు కలవు. ఎవరి కేమి కష్టమో కనిపెట్టుట మొదటిది. ఊహతో సరిపెట్టుకొనక కొలిచి చూచుట రెండవది. ఒక్క యుపాయముతో తృప్తి చెందక రెండుమూడు తలచి, వానిలో నేది చౌక, ఏది గట్టి, ఏది సులభమని తూచుట మూడవది. మొదట చిన్నదిగా చేసి చూచుట నాల్గవది. చెడిన చోటు గుర్తించి దిద్దుట యైదవది.

ఈ యైదింటిలో నొక్కటియు గృహిణికి క్రొత్త కాదు. ఆవకాయ బూజు పట్టినచో ఉప్పు తగ్గెనో, నూనె తగ్గెనో, జాడీకి తడి తగిలెనో విచారించి మఱుసటి యేట దిద్దుకొను చున్నాము. నలుగురికని పెట్టిన యెసటికి ఆఱుగురు వచ్చినచో నున్న సరకుతోనే సర్దుచున్నాము. మనము చేయుచున్న పనికే యీ పేరు గలదని యెఱుగక, అది పెద్దపెద్ద కళాశాలలలో మాత్రమే దొరకు వస్తువని భ్రమించుచున్నాము.

ఇక మేము నేర్చుకొన్న పాఠము. మా యమ్మాయి యేడవ తరగతి చదువుచుండగా, మా తల్లి మాకిచ్చిన కుట్టుమిషను కుట్టు తప్పుట కారంభించెను. నాలుగు కుట్లు పడిన, రెండు తప్పును. దారము మార్చితిమి, నూనె వేసితిమి, గుణము కనబడలేదు. ఒకనాటి మధ్యాహ్నము పెరటినుండి లోనికి వచ్చుసరికి మిషను అడుగుభాగము విప్పి, ముక్కలన్నియు నేలమీద పరచి, అమ్మాయి మధ్య కూర్చుండి యున్నది. మాకు కోప మాగలేదు. "ఆడపిల్లకు మేకానిక్కు పనులేల?" అని వీపుపై నొక్కటి వేసితిమి.

అది యేడ్చుచునే క్రింద పరచిన వార్తాపత్రికను చూపినది. ప్రతి మరను విప్పిన వరుసలో పెట్టి, చుట్టును సున్న గీసి, అంకె వేసియున్నది. ప్రక్కన నోటుపుస్తకములో ఏ ముక్క యెక్కడిదో బొమ్మ గీచియున్నది. "ఎక్కడ నుంచి తీశానో రాసుకున్నానమ్మా, మళ్ళీ పెట్టేస్తాను" అన్నది. మా చేయి దానంతట నదే క్రిందికి దిగెను.

మఱునాడు ఇద్దఱమును కూర్చుండి, చక్రమును చేతితో మెల్లమెల్లగా త్రిప్పుచు చూచితిమి. ఇరువదియేండ్లుగా ఆ మిషనుపై కుట్టుచున్నను, లోపల జరుగు పని మేము చూచుట యదే మొదలు. చేతిసూదికి బెజ్జము మొదట నుండును, మిషనుసూదికి మొనయందుండును. సూది దారముతో క్రిందికి దిగి, మరల పైకి లేవ మొదలిడగానే దారము సూది ప్రక్కన చిన్న యుచ్చుగా ఉబ్బును. క్రింద తిరుగుచున్న కొక్కెపు మొన సరిగా ఆ క్షణముననే వచ్చి యా యుచ్చును పట్టుకొని, బాబిను చుట్టు త్రిప్పును. పైదారము క్రిందిదారముతో పెనవేసికొనును. అదియే కుట్టు. మా మిషనులో నుచ్చు కొక్కెము వైపునకు గాక యావలి వైపున పడుచుండెను. అమ్మాయి సూదిని తీసి చూచినది. మిషనుసూది తలభాగము ఒకప్రక్క గుండ్రముగా, ఒకప్రక్క చదునుగా నుండును. వారము క్రితము క్రొత్త సూదిని చదునుప్రక్క తప్పి బిగించినవారము మేమే. దోషము మాది, దెబ్బ దానిది. సూదిని త్రిప్పి బిగించితిమి. కుట్టు ముత్యాలపేరువలె పడెను.

నాటినుండి మే మొక నియమ మేర్పఱచుకొంటిమి. ఇంట నొక వస్తువు చెడినచో, బాగుచేయు వానికి కబురంపుటకు ముందు, పిల్లలను పిలిచి "ఎక్కడ చెడియుండునని మీకు తోచుచున్నది?" అని యడుగుదుము. వారు తప్పు చెప్పినను నష్టము లేదు. తప్పని యెట్లు తెలిసికొందుమని మరల నడుగుదుము.

తల్లి కష్టమును చూచుట ఇంజనీరు బుద్ధికి మొదటి బడి యనుటకు మన తెలుగునాటనే సాక్ష్యము గలదు. తెలంగాణమున ఆలేరు చెంత శారాజీపేటలో చింతకింది మల్లేశముగారి తల్లి లక్ష్మిగారు చీరలకు ఆసు పోసెడివారు. చిటికి కట్టి రంగులద్దు పట్టుచీరకు నేతకు ముందు నూలును అర్ధచంద్రాకారముగ నాటిన మేకుల చుట్టును చేతితో త్రిప్పి పోయవలెను. ఒక చీరకు సుమారు 9,000 మార్లు చేయి ముందు వెనుకలకు ఆడవలెను. నాలుగైదు గంటల పని. సాయంకాలమునకు భుజము పడిపోవును. ఆఱవ తరగతితోనే చదువు మానిన మల్లేశముగారు ఆ చేయిని చూచి, ఆ పనిని యంత్ర మేల చేయరాదని తలచిరి. 1992లో మొదలుపెట్టి, డబ్బు చాలక ఆగుచు, చేసినది పనిచేయక విప్పుచు, ఊరివారు నవ్వుచుండగా పట్టువిడువక, 1999లో యంత్రమును ముగించిరి. గంటన్నరలో చీరకు ఆసు పోయు నా యంత్రమునకు తల్లి పేరిట "లక్ష్మీ ఆసు యంత్రము" అని పేరుపెట్టిరి. 2017లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుద మిచ్చినది. ఇందు పైన చెప్పిన యైదు మెట్లును గలవు. మొదటిమెట్టు తల్లి భుజపు నొప్పి.

చదువు మానినను సరియే యని మేము చెప్పుట లేదు. ఏడేండ్ల శ్రమలో కొంత, చేతినిండ యంత్రశాస్త్ర మున్నచో తగ్గెడిదేమో. బుద్ధికి చదువు తోడుకావలెను. చదువు బుద్ధికి బదులు కాజాలదు. ఇంతియే మా మాట.

"ఆడపిల్లకు మేకానిక్కు పనులేల" అని మేమన్న మాటకు ప్రత్యుత్తరముగా ఇంకొక తెలుగు వనిత జీవితమును చెప్పవలసి యున్నది. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మదరాసున జన్మించిరి. పదునైదవ యేట వివాహము, పదునెనిమిదవ యేట 1937లో వైధవ్యము. ఒడిలో నాలుగు మాసముల యాడుబిడ్డ. ఆ కాలమున నట్టివారి బ్రతు కెట్లుండెడిదో మన మెఱుగుదుము. ఆమె చదువుకొనదలచిరి. వైద్యము చదివినచో రేయింబవళ్లు బిడ్డను విడిచియుండవలసి వచ్చునని, ఇంజనీరింగును కోరిరి. తండ్రి పప్పు సుబ్బారావుగారు మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులు. అదివఱ కచ్చట స్త్రీలు చదివియుండలేదు. ఆయన అధికారులతో మాటాడి కుమార్తెను 1940లో చేర్పించిరి. అందఱును పురుషులే యగు కళాశాలకై ముద్రించిన పట్టాలో "అతడు" అను మాటను కొట్టివేసి "ఆమె" అని చేతితో వ్రాసి యామె కీయవలసి వచ్చెను. మనదేశమున ఇంజనీరైన మొదటి స్త్రీ యామెయే యందురు. తరువాత కలకత్తాలో నొక పెద్ద విద్యుత్కంపెనీలో చిరకాలము పనిచేసి, విద్యుత్తు ప్రసరించు తీగెల మార్గములను, ఉపకేంద్రములను రూపొందించిరి. భాక్రానంగల్ పనియు వానిలో నొకటి. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభకు వెళ్లిరి. ఆ తండ్రి నాడు "లోక మేమనును?" అని వెనుదీసియున్నచో, ఆమె బుద్ధి వంటింటి మూలనే యారిపోయెడిది. మన యిండ్లలో నట్లు ఆరిపోయినవి యెన్నియో!

ఇక నింట చేయదగిన పనులు. ఇందులకు డబ్బు పెట్టి యాటవస్తువులను కొననక్కఱ లేదు.

ఐదారేండ్ల పిల్లలకు చూచుట నేర్పవలెను. తిరగలి పిడి నడుమ గాక యంచున నేల నాటిరి? బావిగిలక మీది చాలున తాడేల జాఱిపోదు? కవ్వమునకు ముళ్ల వంటి తల యేల? జవాబు మనము చెప్పరాదు. తిరగలి పిడికి దగ్గఱగా పట్టి త్రిప్పుమని, నడుమను పట్టి త్రిప్పుమని పిల్లవాని చేతికే యిచ్చిన, చేయియే జవాబు చెప్పును.

ఎనిమిది మొదలు పండ్రెండేండ్ల వఱకు చేసి కొలుచుట నేర్పవలెను. రెండు పుస్తకముల నడుమ జానెడు దూరముంచి, పైన నొక కాగితమును వంతెనవలె పఱువుడు. రెండు రూపాయి బిళ్లలు పెట్టగనే క్రుంగిపోవును. అదే కాగితమును చీర కుచ్చిళ్లవలె మడతలు పెట్టి మరల పఱచి, బిళ్ల వెంబడి బిళ్ల పెట్టుమనుడు. మడతల వలన నదే కాగితము ఎన్నో రెట్లు బరువు మోయుట చూచి పిల్లలు తెల్లబోవుదురు. సన్నని మడతలు మేలా, వెడల్పు మడతలు మేలా? ఒక్కొక్కదాని కెన్ని బిళ్ల లాగెనో పుస్తకములో వ్రాయుమనుడు. తరువాత పశువులపాక మీది అలల ఱేకును చూపుడు. మనము చెప్పకయే వారే నవ్వుదురు.

ఆపైబడిన వయస్సున విప్పుట, కూర్చుట, దిద్దుట నేర్పవలెను. కుళాయి నీరు కారుచున్నచో లోని వాషరు మార్చుట, సైకిలు గొలుసు వేయుట, కుక్కరు మూతను పరీక్షించుట తగిన పనులు. కుక్కరులో ఆవిరి బందీయగుటచే నీరు సుమారు 120 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడెక్కును. అందుచే పప్పు త్వరగా నుడుకును. మీది బరువు పైకి లేచి యధిక మైన యావిరిని విడుచును. ఆ రంధ్రము మూసికొనిపోయినచో నేమి గతి? అందులకే మూతకు మఱియొక రక్షణ వాల్వు పెట్టిరి. ఒకటి తప్పినచో రెండవది కాపాడవలెనను నీ యాలోచన ఇంజనీరింగునకు ప్రాణము. చల్లారిన కుక్కరుతోనే యీ పాఠము చెప్పవలెను. విద్యుత్తు తీగెలను, ప్లగ్గు పెట్టియున్న యే వస్తువును పిల్లలు విప్పరాదను కట్టడి మాత్రము తప్పకుండ నుండవలెను. సాహసము వేఱు, అజాగ్రత్త వేఱు.

పాఠశాలలయందును నిప్పు డవకాశములు లేకపోలేదు. చేతిపనితో విద్య నేర్పవలెనని గాంధీమహాత్ముడు 1937లో వార్ధాసభయందు చెప్పినదే, 2020 జాతీయ విద్యావిధానములో వేఱురూపమున వచ్చినది. ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు పిల్లలు పది దినములు పుస్తకసంచి లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మొదలగు వారి కడ పని చూడవలెనని యందు గలదు. 2016లో ఆరంభమైన అటల్ టింకరింగు ప్రయోగశాలలు ఆఱవ తరగతి మొదలు విద్యార్థుల చేతికి పనిముట్లు ఇచ్చుటకే యేర్పడినవి. మీ పిల్లల పాఠశాలలో నట్టి గది యున్నదా? ఉన్నచో తాళము తీయుచున్నారా? తల్లిదండ్రుల సభలో మార్కులతోపాటు ఈ ప్రశ్నయు నడుగుడు.

పదవ తరగతి ముగిసిన పిల్లకు త్రోవ యొక్కటే యనుకొనరాదు. ఇంటర్మీడియెటులో గణితశాస్త్రములు చదివి ప్రవేశపరీక్షలు వ్రాయుట యందఱు నెఱిగిన త్రోవ. పాలిటెక్నిక్కులో మూడేండ్ల డిప్లొమా చదివి, ఈసెట్ పరీక్షచే ఇంజనీరింగు రెండవ యేటిలో చేరుట మఱియొకటి. ఇందు పదునాఱవ యేటనే చేయి యంత్రమును పట్టును. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలందు వెలసిన సాంకేతిక విద్యాలయములలో పదవ తరగతి పిమ్మట నాఱేండ్ల చదువు గలదు. ఐ.టి.ఐ.లో నేర్చిన మంచి పనివాడును గౌరవమునకు తగినవాడే. ఏ త్రోవ యెవరిదో తెలిసికొనుటకు మార్కుల పట్టీ చాలదు. చెడినదానిని చూచి యాగుచున్నాడా? చేసినది చెడిపోయిన విసిరివేయుచున్నాడా, మరల కూర్చుండుచున్నాడా? తన యాటకే చేయుచున్నాడా, అవ్వ చేతికఱ్ఱ జాఱకుండ నడుగున రబ్బరు తొడుగవలెనని తలచుచున్నాడా? ఎల్లప్పుడు ఫోను పట్టుకొని యుండుట యంత్రాభిలాష కాదని కూడ గుర్తుంచుకొందము. ఈ గుణములు లేకున్నచో బిడ్డ తక్కువవాడు కాడు. వాని మనసు వేఱొకచోట నున్నది. మా మఱదివలె నది శాసనములలో నుండవచ్చును.

మా యమ్మాయి యీ యేడు పదవ తరగతి ముగించినది. పాలిటెక్నిక్కులో మెకానికల్ చదివెదనని పట్టుపట్టినది. "ఇన్ని మార్కులు వచ్చిన పిల్లను డిప్లొమాలో వేయుదురా? అందులోను మెకానికలా?" అని చుట్టములు చెవి నిల్లు కట్టుకొని పోరుచున్నారు. మాకును భయము లేకపోలేదు. కాని యీమాఱు మార్కుల నడుగదలచలేదు. వచ్చు వారము మా వారును మేమును దానిని వెంటబెట్టుకొని పాలిటెక్నిక్కు కర్మశాలను చూచి, అచ్చట చదువు నాడుపిల్లలతో మాటాడుదుము. చూచిన పిమ్మటను దాని మాట యదియే యైనచో, మా మాటయు నదియే.

సోదరీమణులారా, మీ బిడ్డ విప్పిన వస్తువు చుట్టును ముక్కలు చెల్లాచెదరుగ కనబడినప్పుడు చేయి యెత్తక మునుపు ఒక్క నిమిషము క్రిందికి చూడుడు. మరలను వరుసగా పెట్టి యంకెలు వేసియున్నచో, ఆ నాడు మీ యింట వస్తువు చెడలేదు.